తూకం అయ్యాక మఫిన్లు

వంటగది, తెల్లవారి ఐదున్నర. కాటాలు బాగుచేసే తండ్రి పిండి తూస్తున్నాడు. కుస్తీ పట్టే కూతురు గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. నాయనమ్మ పక్క గదిలో పడుకుంది గానీ నిద్రపోవడం లేదు.

"ఇంక తూచకు నాన్నా. ఓట్స్ ఎనభై గ్రాములని ఇప్పటికి మూడుసార్లు తూచావు."

"ఎనభై రెండొచ్చింది. తియ్యాలిగా."

"రెండు గ్రాములు ఎక్కువైతే మఫిన్లు అలుగుతాయా?"

"నీకు రెండు గ్రాములంటే లెక్కలేదు పిడుగూ. ముప్పై ఏళ్లుగా కాటాలు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి, నాకు లెక్కే."

"నాకు లెక్కలేదా? ఏడున్నరకి అక్కడ కాటా ఎక్కాల్సింది ఎవరు? యాభై కిలోల విభాగం అంటే యాభయ్యే. రెండు గ్రాములు ఎక్కువున్నా కుస్తీ లేదు, ఇంటికి పొమ్మంటారు. రెండేళ్ల కష్టం ఆ కాటా మీదే అయిపోతుంది."

"తెలుసు."

"తెలిస్తే సరే."

"మన కాటా ఎక్కావా పొద్దున్న?"

"ఎక్కాను."

"ఎంత?"

"నలభై తొమ్మిది ఎనిమిదొందలు."

"చూశావా? రెండొందలు చేతిలో ఉన్నాయి. హాయిగా కూర్చో. ఇదిగో, అరటిపండు ముక్క. నోట్లో వేసుకో."

"తూకం అయ్యాక."

"ముక్కేగా."

"మొదటి ముద్ద తూకం అయ్యాకే అని నేనన్నాను, నువ్వు సరేనన్నావు. తూకానికీ మొదటి కుస్తీకీ మధ్య రెండు గంటలుంటుంది. అప్పుడు నువ్వు చేసిన మఫిన్లు రెండు, నీళ్లు ఒక సీసా. రాసి గోడకి అంటించింది కూడా నువ్వే. అదిగో, నీ వెనకే ఉంది."

"రాసినవన్నీ అలాగే చెయ్యాలని ఉందా?"

"నువ్వేనా నాన్నా ఈ మాటనేది?"

"అరటిపండ్లు బాగా మగ్గాయి. తొక్క నల్లబడితేనే తీపి. ఖర్జూరం కూడా ఉంది కాబట్టి చక్కెర వెయ్యడం లేదు."

"నేనడిగింది చక్కెర గురించి కాదు."

"ఆ గుడ్లు ఇలా అందుకో."

"ఒరేయ్, నాక్కూడా రెండు పెట్టరా అందులోంచి."

"నువ్వు పడుకోమ్మా. ఇంకా తెల్లారలేదు."

"ఏం పడుకోమంటావు, నీ గిన్నెల మోతకి? అయినా ఇప్పుడు నేను రెండు తినొచ్చు. ఈ పదిరోజుల్లో మూడు కిలోలు తగ్గాను తెలుసా? నిన్న కాటా ఎక్కి చూసుకున్నా."

"ఏం చేసి తగ్గావు నాయనమ్మా?"

"ఏమీ చెయ్యలేదే. అదే విచిత్రం. తిండి మామూలే, నిద్ర మామూలే. మోకాళ్లు కూడా మామూలుగానే ఏడిపిస్తున్నాయి."

"విన్నావా నాన్నా?"

"వయసు పైబడితే మనుషులు తగ్గుతారు."

"పదిరోజుల్లో మూడు కిలోల వయసు పైబడిందా?"

"గుడ్లు ఇవ్వమన్నానా?"

"నీ చేతిలోనే ఉన్నాయి."

"ఆఁ."

"నాన్నా, కలిపింది చాలు."

"ఉండలున్నాయి."

"ఉండనివ్వాలి. పొడిపిండి వేరు, తడివి వేరు. రెండూ కలిశాక గరిటె పదిసార్లు తిప్పాలి, అంతే. ఎక్కువ తిప్పితే గట్టిపడతాయి. మొదటిసారి నువ్వే చెప్పావు, పాఠం చెప్పినట్టు. ఇప్పటికి ముప్పై తిప్పావు, నేను లెక్కపెడుతున్నాను."

"మొన్న చేసినప్పుడు కూడా ఇలాగే తిప్పాడు. చెప్పు అట్టలా సాగాయి. నా కట్టుడు పళ్లు వాటితోపాటే వచ్చేశాయి."

"అమ్మా, పడుకో."

"ఏమాలోచిస్తున్నావు నాన్నా?"

"ఏం లేదు."

"ఏం లేనివాళ్లు ముప్పై సార్లు తిప్పరు."

"నువ్వు ఆ కాగితం కప్పులు ట్రేలో పెట్టు. పన్నెండు."

"పెడుతున్నాను. అన్నట్టు నిన్న కోచ్ మళ్లీ అడిగారు."

"ఏమని?"

"వ్యాయామశాల కాటా షాపుకొచ్చి రెండు వారాలైంది, మీ నాన్న ఎప్పుడిస్తారమ్మా అని. అక్కడ తూచుకోవడానికి వీల్లేక అందరం అవస్థ పడుతున్నాం."

"స్ప్రింగు రావాలి."

"కిరాణా కొట్టాయన పొద్దున్న ఇస్తే మధ్యాహ్నానికల్లా చేసిస్తావు."

"అది చిన్న కాటా."

"పోయినేడు లారీలు తూచే కాటా రెండు రోజుల్లో చేశావు."

"అది వేరు."

"చిన్నదీ వేరు, పెద్దదీ వేరు. మా కాటా ఒక్కటే ఏం పాపం చేసింది?"

"పొద్దున్నే ఏమిటే ఈ కూపీలు? పోటీ పెట్టుకుని మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలి."

"నా మనసు ప్రశాంతంగానే ఉంది. నీదే లేదు. కప్పు నిండిపోయింది చూడు, ముప్పావు వంతే పొయ్యాలి."

"చూశాను."

"తర్వాతది కూడా నిండింది."

"చూశానన్నానుగా."

"సరే. నీ ముద్ర రాళ్ల పెట్టె ఎక్కడుంది?"

"ఏ పెట్టె?"

"కాటా సరిగ్గా తూస్తోందో లేదో చూసే రాళ్లు. తూనికల ఆఫీసువాళ్లు ముద్ర వేసిచ్చినవి. నేను పుట్టినప్పటినుంచీ మంచం కింద ఉన్న చెక్క పెట్టె నాన్నా, ఏ పెట్టె అంటావేమిటి?"

"షాపులో ఉంది."

"నిన్న మంచం కింద ఊడ్చాను. అక్కడే ఉంది."

"ఉంటే ఉండనీ. ఇప్పుడెందుకు?"

"ఇరవై కిలోల రాయి ఒకసారి మన కాటా మీద పెట్టి చూద్దాం. సరిగ్గా ఇరవై చూపిస్తే మనసు కుదుటపడుతుంది. అప్పుడు నువ్వు ఇచ్చిన అరటిపండు ముక్క కూడా తింటాను."

"నా చేతులు పిండి."

"నేను పెడతాను."

"ఈ పూట బరువెత్తకు. నడుం పట్టేస్తుంది."

"మనుషుల్ని ఎత్తి పడేసే పని నాన్నా నాది."

"తప్పుకో, ట్రే లోపల పెట్టాలి. ఓవెన్ మూత వేడి, కాలుతుంది."

"తప్పుకున్నాను."

"ఇరవై నిమిషాలు. ఆరుంబావుకి అయిపోతాయి."

"ఆరున్నర బస్సుకి సరిపోతుంది. రాయి సంగతి ఏం చేద్దాం?"

"ఇంట్లో కాటాని నమ్మకపోతే ఎలాగే? నేను చేసిన కాటా అది."

"అందుకేగా ఇన్నాళ్లూ నమ్మాను."

"మరి?"

"మరి అంటున్నది నువ్వు."

"పిల్లా, మీ నాన్న కాటాకి వంక పెట్టకు. నీకు తెలీదు, నువ్వప్పుడు పాలు తాగుతున్నావు. మాంసం కొట్టాయన ఇంటికొచ్చాడు. ముల్లు కొంచెం ఇటు జరుపు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. వీడేం చేశాడు? ఆయన కాటా ఆయన చేతిలో పెట్టి తలుపు తీశాడు. ఆ వీధిలో కొట్లవాళ్లంతా ఒక్కటై ఆర్నెల్లు వీడికి పనివ్వలేదు. అయినా ముల్లు జరపలేదు."

"అమ్మా, ఆ పాత సంగతులు ఇప్పుడెందుకు?"

"మంచి సంగతేగా. ఎందుకు విసుక్కుంటావు?"

"చెప్పనీ నాన్నా. నాకు ఆ కథ ఇష్టం. బళ్లో మీ నాన్న గురించి రాయమంటే ప్రతి ఏడూ అదే రాసేదాన్ని."

"వాసన వస్తోందా?"

"వస్తోంది. ఖర్జూరం వాసన."

"ఆకలి వెయ్యడం లేదూ?"

"వేస్తోంది."

"నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు."

"తూకం రోజు మామూలేగా."

"మామూలే అనకు. నువ్వు లోపల స్పృహ తప్పి పడితే స్నానాల గది తలుపు పగలగొట్టిన రోజు కూడా మామూలే అన్నావు."

"మళ్లీ మొదలుపెట్టకు."

"నీళ్లు చల్లితే లేవలేదు నువ్వు. నాలుగు నిమిషాలు. ఒళ్లో పెట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. మీ అమ్మ బస్సు డ్యూటీలో ఉంది, ఫోన్ ఎత్తదు. నా చేతిలో నీ తల ఎంత తేలిగ్గా ఉందో తెలుసా? బరువులు తూచే చెయ్యి ఇది. దీనికి తెలుస్తుంది."

"లేచానుగా."

"లేచి ఏం చేశావు? నేరుగా వెళ్లి కాటా ఎక్కావు."

"ఎంతుందో చూసుకోవాలిగా."

"యాభై మూడు కిలోల విభాగానికి పొమ్మని బతిమాలాను. కోచ్ చెప్పారు. మీ అమ్మ చెప్పింది. విన్నావా?"

"యాభై మూడులో ఎవరున్నారో నీకు తెలుసు."

"ఆ పొడుగమ్మాయి."

"నా భుజం జారిపోయింది ఆ అమ్మాయి చేతుల్లోనే. మూడు నెలలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాను. జడ నువ్వు వేసేవాడివి, వంకరగా."

"భయమా?"

"భయం కాదు."

"మరి?"

"భయమే అనుకో. యాభైలో ఉంటే ఆ అమ్మాయి మొహం చూడక్కర్లేదు. అందుకని తిండి మానేశాను. ఇప్పుడు చాలా?"

"ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు."

"నువ్వు కూడా నాతో అనని మాటలుంటాయిగా."

"ఏమున్నాయి?"

"నాకేం తెలుసు. నువ్వు చెప్పాలి."

"గంట మోగింది. జరుగు, ట్రే తియ్యాలి."

"గుడ్డ పట్టుకుని తియ్యి నాన్నా. వట్టి చేతులతో వెళ్తున్నావు."

"ఆఁ. పుల్ల ఇలా ఇవ్వు."

"గుచ్చి చూడు. తడి అంటిందా?"

"లేదు. లోపల ఉడికాయి. ఈసారి పొంగాయి కూడా. పైన ఎలా పగిలాయో చూడు."

"ముప్పై సార్లు తిప్పినా పొంగాయంటే వాటిది మంచి మనసు."

"ఒకటి తిను."

"డబ్బాలో పెట్టు నాన్నా."

"వేడి మీద మూతపెడితే చెమట పట్టి మెత్తబడతాయి. ఇక్కడే, వేడివేడిగా, ఒక్కటి. అరవై గ్రాములుంటుంది. రెండొందలున్నాయిగా నీకు."

"తూకం అయ్యాక."

"సగం."

"తూకం అయ్యాకే."

"ఒరేయ్, బలవంతం చెయ్యకురా. దాని సగం ఇలా పంపు."

"మూత కొంచెం వారగా పెట్టు, చాలు. ఆరుంబావు దాటింది, నేను బయల్దేరాలి. నాయనమ్మా, వెళ్లొస్తా."

"వెళ్లిరా తల్లీ. గెలిచిరా. ఓడితే కూడా ఇంటికే రా."

"నాన్నా, వెళ్తున్నా."

"నీళ్లసీసా పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"తువ్వాలు?"

"ఉంది. ఇంకేమైనా చెప్పాలా నాతో?"

"జాగ్రత్త."

"అంతేనా?"

"బస్సులో కిటికీ పక్కన కూర్చోకు. చలిగాలి."

"అంతేనా నాన్నా?"

"అంతే."

"సరే. తలుపు వేసుకో."

"పిడుగూ."

"ఊఁ."

"ఆగు."

"బస్సు పోతుంది."

"పోనీ. ఆ కాటా ఎక్కకు."

"ఎందుకు?"

"నువ్వు నలభై తొమ్మిది ఎనిమిదొందలు కాదు. యాభై రెండు కిలోలున్నావు."

"ఏమిటే వీడంటున్నది?"

"మన కాటా అబద్ధం చెబుతోందమ్మా. నేనే చెప్పించాను. పిల్ల పొద్దున్న పరుగుకి వెళ్లాక వెనక మూత విప్పి స్ప్రింగు మర తిప్పాను. రోజుకి రెండొందలు. పదకొండు రోజులు. ఒక్కసారే తిప్పితే తెలిసిపోతుందని కొంచెం కొంచెం. ఎవరూ నిలబడనప్పుడు ముల్లు సున్నా మీదే ఉండేలా చూశాను, అనుమానం రాకుండా. వ్యాయామశాల కాటాకి కూడా ఏ రోగమూ లేదు. వచ్చిన రోజే బాగుచేసేశాను. నువ్వు అక్కడ తూచుకుంటావని గోనె కప్పి దాచాను."

"ఎందుకు నాన్నా?"

"తగ్గుతున్నానని నమ్మితే రెండు ముద్దలు తింటావని."

"ఇవాళ అక్కడ ఏమవుతుందనుకున్నావు?"

"కాటా ఎక్కుతావు. ఎక్కువున్నావంటారు. పంపించేస్తారు."

"అందరి ముందూ."

"అందరి ముందూ."

"తర్వాత?"

"ఏడుస్తూ ఇంటికొస్తావు. ఇవి ఇంకా గోరువెచ్చగా ఉంటాయి. తింటావు. అక్కడిదాకానే ఆలోచించాను. ఆపైన నా బుర్ర నడవలేదు."

"ఒరేయ్, అయితే నేను తగ్గలేదా?"

"లేదమ్మా."

"ఒక్క గ్రాము కూడా?"

"అమ్మా, కాసేపు ఊరుకో. నీకు దండం పెడతాను."

"ఇంకొక్క నిమిషం మాట్లాడకుండా ఉంటే నేను వీధి దాటిపోయేదాన్ని. ఇప్పుడెందుకు చెప్పావు?"

"గుమ్మం దాకా పంపించగలిగాను. దాటించలేకపోయాను. నువ్వు అక్కడ అంతమంది మధ్య నిలబడి, మా నాన్న కాటా తప్పు చెప్పదండీ, మళ్లీ తూచండి అంటావు. అది తలుచుకునే ఆగమన్నాను. తిట్టు. మాట్లాడకు. ఏం చేసినా పడతాను."

"తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"మూడో రోజే తెలిసింది. ఆకలికి ఆగలేక సాయంత్రం నాయనమ్మ గదిలో రెండు అరటిపండ్లు తిన్నాను. పొద్దున్న చూస్తే రెండొందలు తగ్గాను. మర్నాడు అన్నం తిన్నాను. ఇంకో రెండొందలు తగ్గాను. తిన్నకొద్దీ తగ్గే ఒళ్లు నాకెవరిచ్చారా అని ముద్ర రాయి తీసి పెట్టాను. ఇరవై కిలోల రాయి పావుకిలో తక్కువ చూపించింది."

"అన్నం నేనే పెట్టానురా. రోజూ పెడుతున్నాను. నన్నెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు."

"తెలిసి కూడా ఇన్ని రోజులు ఊరుకున్నావా పిడుగూ?"

"రోజూ కాటా ఎక్కి, నీకు నంబరు చెప్పి, నీ మొహం చూసేదాన్ని. ఇవాళ చెబుతావు, ఇవాళ చెబుతావు అనుకుంటూ. పొద్దుట్నుంచీ ఎన్ని దారులు తెరిచాను నీకు? నాయనమ్మ బరువన్నాను, కోచ్ అన్నాను, రాయన్నాను. నువ్వేమో గుడ్లు ఇవ్వు, కప్పులు పెట్టు అంటావు."

"మరి యాభై రెండున్నానని తెలిసి ఆ కాటా ఎక్కడానికి బయల్దేరావేమిటే? పరువు పోతుంది కదా. నా మీద కోపంతోనా?"

"సంచి ముందు అరలో కాగితం ఉంది. తీసి చదువు."

"కళ్లద్దాలు ఏవి?"

"నెత్తి మీదున్నాయి."

"పోటీలో పేరు నమోదు చేసిన చీటీ. నీ పేరు, వయసు, వ్యాయామశాల... విభాగం..."

"ఆగావేం? చదువు."

"యాభై మూడు."

"తేదీ కూడా చదువు."

"పోయిన వారం. అంటే రాయి పెట్టి చూసిన..."

"ఆ రోజే. మంచం పక్కన నేల మీద కూర్చుని ముందు నిన్ను బాగా తిట్టుకున్నాను. తర్వాత మాంసం కొట్టాయన గుర్తొచ్చాడు. ఆర్నెల్లు పని లేకపోయినా మర తిప్పని చెయ్యి నాన్నా నీది. అది నా కోసం తిప్పిందంటే నేను ఏ గతిలో ఉన్నానో అప్పుడు తెలిసింది. లేచి వెళ్లి విభాగం మార్పించాను. ఆ డబ్బా మూత తియ్యి, తూకానికి ముందే ఒకటి తింటాను."